తర్క పరీక్షల్లో వాదనలోని లోపాన్ని పట్టుకోవడం ఎలా

ఎల్‌శాట్ (న్యాయవిద్య), జీమ్యాట్ (మేనేజ్‌మెంట్ విద్య), జీఆర్‌ఈ (ఉన్నత విద్య) వంటి ప్రవేశ పరీక్షల్లో నాలుగైదు వాక్యాల చిన్న వాదనను ఇచ్చి, దాని తర్కం ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పమని అడిగే ప్రశ్నలు ఉంటాయి. ఎల్‌శాట్‌లో వీటి ప్రాధాన్యం మరీ ఎక్కువ. 2024 ఆగస్టు నుంచి ఆ పరీక్షలో పజిళ్ల విభాగాన్ని తీసివేసి, మార్కులు లెక్కించే మూడు విభాగాల్లో రెండింటిని తార్కిక వివేచనకే కేటాయించారు. ఒక్కో విభాగానికి 35 నిమిషాలు, అందులో సుమారు 25 ప్రశ్నలు. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషంన్నర కూడా దొరకదు. ఈ కాస్త వ్యవధిలో, బట్టీ పట్టిన తర్కదోషాల జాబితాను మనసులో తిరగేస్తూ వాదన ఏ పేరుకు సరిపోతుందో వెతకడం జరిగే పని కాదు. పేర్లు తెలిసి ఉండటం మంచిదే గాని, పేరు తెలియకపోయినా లోపాన్ని సొంత మాటల్లో చెప్పగలిగిన అభ్యర్థి, పేర్లన్నీ తెలిసి లోపాన్ని చెప్పలేని అభ్యర్థి కంటే ఎప్పుడూ ముందుంటాడు.

ఇందుకు కారణం సులభంగానే అర్థమవుతుంది. పరీక్షలో వచ్చే వాదన ఏ విషయం గురించినదైనా, లోపం ఉండే చోటు ఒక్కటే: చూపిన ఆధారానికీ, చేసిన తీర్మానానికీ మధ్య. ఆధారం ఎంతవరకు తీసుకువెళ్లగలదో అంతవరకే వెళ్లి ఆగవలసిన వాదన మరొక అడుగు ముందుకు వేస్తుంది. ఆ అదనపు అడుగు ఏమిటో గుర్తించడమే మనం చేయవలసిన పని.

ముందుగా తీర్మానం ఏదో తేల్చుకోవాలి

తీర్మానం చివరి వాక్యంలోనే ఉంటుందనే భ్రమను మొదట వదులుకోవాలి. అది మొదటి వాక్యంలో ఉండి, మిగతావన్నీ దానికి ఆధారాలు కావచ్చు; మధ్యలో కూడా ఉండవచ్చు. ‘కొందరు ఇలా అంటారు’ అని మొదలయ్యే వాదనల్లో ‘కానీ’ తరువాత వచ్చే మాటే చాలాసార్లు అసలు తీర్మానం. ‘కాబట్టి’, ‘అందువల్ల’ వంటి మాటలు సాయపడతాయి గాని, ఒక వాదనలో అటువంటివి రెండు కనిపిస్తే ఒకటి మధ్యంతర తీర్మానం, మరొకటి ప్రధాన తీర్మానం అయి ఉంటుంది. ఏది ఏదో తెలియనప్పుడు రెండు వాక్యాలనూ తీసుకుని ‘ఎందుకని?’ అని అడగాలి. ఏ వాక్యానికి రెండోది జవాబుగా నిలుస్తుందో ఆ వాక్యమే ప్రధానమైనది.

తీర్మానం దొరికాక దానిని ఉన్నది ఉన్నట్టుగా చదవాలి. ‘తగ్గవచ్చు’ అన్నదానికీ ‘తగ్గి తీరుతుంది’ అన్నదానికీ, ‘కొందరు’ అన్నదానికీ ‘అధికులు’ అన్నదానికీ, ‘ఒక కారణం’ అన్నదానికీ ‘ఏకైక కారణం’ అన్నదానికీ ఉన్న తేడాలోనే చాలా ప్రశ్నల జవాబు దాగి ఉంటుంది. వేగంగా చదివే అలవాటున్నవారు ఈ మాటలను తమకు తెలియకుండానే మెత్తబరచి అర్థం చేసుకుంటారు. అలా చేసిన మరుక్షణం లోపం కంటికి ఆనదు.

ఆధారాల విషయంలో నియమం దీనికి విరుద్ధంగా ఉంటుంది. వాదనలో చెప్పిన ఆధారాన్ని నిజమనే తీసుకోవాలి. ‘అది నిజం కాదేమో’ అనే సందేహానికి ఈ ప్రశ్నల్లో చోటు లేదు. ఒక సర్వేలో ఇంతమంది ఇలా చెప్పారని వాదన అంటే వాళ్లు అలా చెప్పారనే ఒప్పుకోవాలి. వాళ్లు చెప్పినదాని నుంచి ఈ తీర్మానం వస్తుందా అన్నదే మన ప్రశ్న. ఆయా విషయాల్లో లోతైన పరిజ్ఞానం ఉన్నవారు సైతం ఈ ప్రశ్నల్లో తడబడటానికి, తమకు తెలిసిన సమాచారంతో ఆధారాలను ఖండించబోవడమే ఒక ప్రధాన కారణమని నా అభిప్రాయం.

ఆ తరువాత తీర్మానంలోని ముఖ్యమైన మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని, అవి ఆధారంలో ఉన్నాయా అని చూడాలి. ఆధారం ‘అమ్మకాల’ గురించి మాట్లాడి తీర్మానం ‘లాభాల’ గురించి మాట్లాడితే, ఆధారం ‘ఫిర్యాదుల సంఖ్య’ గురించి చెప్పి తీర్మానం ‘సేవల నాణ్యత’ మీద తీర్పు ఇస్తే, అక్కడే ఆగాలి. కొత్తగా చొరబడిన ఆ మాటే చాలాసార్లు వాదన వేసిన అదనపు అడుగు.

కార్యకారణాల తికమక

పరీక్షల్లో చాలా తరచుగా ఎదురయ్యే లోపం ఇది కనుక దీని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలవడం న్యాయం. రెండు విషయాలు కలిసి కనిపించాయని, లేదా ఒకదాని తరువాత మరొకటి జరిగిందని ఆధారం చెబుతుంది. మొదటిదే రెండోదానికి కారణమని తీర్మానం ప్రకటిస్తుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకి బరువుకే పండు రాలిందనుకోకూడదని హెచ్చరించే కాకతాళీయ న్యాయం మన పెద్దలు ఎప్పుడో చెప్పినదే. పరీక్షలో ఆ ఒక్క హెచ్చరికను నాలుగు ప్రశ్నలుగా విడగొట్టుకోవాలి: సంబంధం తిరగబడి, రెండోదే మొదటిదానికి కారణం కావచ్చా? రెండింటికీ మూలమైన మూడో కారణం ఉండవచ్చా? ఇది కేవలం యాదృచ్ఛికం కావచ్చా? లేక, పోల్చిన రెండు గుంపులు మొదటినుంచీ వేరువేరు స్వభావం గలవి కావచ్చా?

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ‘ఒక సంస్థ తన ఉద్యోగుల కోసం వ్యాయామ తరగతులు ప్రారంభించింది. ఇష్టమైనవారే హాజరు కావచ్చు. హాజరైన ఉద్యోగులు, హాజరు కానివారికంటే ఆ ఏడాది చాలా తక్కువ అనారోగ్య సెలవులు తీసుకున్నారు. కాబట్టి ఈ తరగతులను అందరికీ తప్పనిసరి చేస్తే సంస్థలో అనారోగ్య సెలవులు తగ్గుతాయి.’

తీర్మానం స్పష్టంగానే ఉంది: తప్పనిసరి చేస్తే సెలవులు తగ్గుతాయి. ఆధారం హాజరైనవారికీ కానివారికీ మధ్య కనిపించిన తేడా మాత్రమే. ఆ తేడాను తరగతులే తెచ్చాయని వాదన ఎక్కడా చూపలేదు, ఊరకే అనుకుంది. ‘ఇష్టమైనవారే’ అన్న మాట మీద చూపు నిలిపితే అనుమానం తనంతట తానే పుడుతుంది. తరచూ జబ్బుపడేవారు వ్యాయామానికి వెళ్లే స్థితిలోనే ఉండకపోవచ్చు. ఆరోగ్యవంతులే తరగతులను ఎంచుకుని ఉండవచ్చు. జవాబుల వైపు చూడకముందే ఈ మాటను మనసులో ఒక వాక్యంగా అనుకోవాలి: ‘వచ్చినవారు ముందే ఆరోగ్యంగా ఉన్నారేమో.’ ఇంతకు మించిన పరిభాష అక్కరలేదు.

ఇప్పుడు జవాబులు ఇలా ఇచ్చారనుకుందాం. (అ) వ్యాయామానికి సెలవులు తగ్గించడమే కాక ఇతర ప్రయోజనాలు కూడా ఉండవచ్చనే అవకాశాన్ని వాదన విస్మరిస్తుంది. (ఆ) ఒక ఫలితానికి ఆవశ్యకమైన (అది లేనిదే ఫలితం రాని) నియమాన్ని ఆ ఫలితానికి పర్యాప్తమైన (అదొక్కటే ఉంటే చాలే) నియమంగా పొరబడుతుంది. (ఇ) హాజరైనవారికి మొదటినుంచీ మిగతావారికంటే మెరుగైన ఆరోగ్యం ఉండి ఉండవచ్చనే అవకాశాన్ని విస్మరిస్తుంది. (ఈ) తరగతులకు వచ్చినవారెవరూ జబ్బుపడరని నిరూపణ లేకుండానే తీసుకుంటుంది. (ఉ) నిరూపించవలసిన తీర్మానాన్నే ఆధారంగా వాడుకుంటుంది.

ప్రతి జవాబునూ రెండు ప్రశ్నలతో పరీక్షించాలి, ఈ వరుసలోనే. వాదన నిజంగా ఈ పని చేసిందా? చేసి ఉంటే, తీర్మానాన్ని దెబ్బతీసేది ఆ పనేనా? (అ) మొదటి ప్రశ్న దాటుతుంది. వాదన ఇతర ప్రయోజనాల ఊసే ఎత్తలేదు. అయితే వాటి వల్ల తీర్మానానికి వచ్చే నష్టమేమీ లేదు గనుక రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. (ఆ) బరువైన మాటలతో ఆకర్షిస్తుంది గాని, ఇక్కడ ఆవశ్యకమని గాని పర్యాప్తమని గాని పేర్కొన్న నియమం ఏదీ లేదు. (ఈ) వాదన అనని మాటను దానికి అంటగడుతుంది. సెలవులు తక్కువన్నారే గాని అసలే లేవనలేదు. (ఉ) తర్కశాస్త్రంలో పేరున్న దోషమే అయినా ఇక్కడ జరగలేదు. (ఇ) రెండు ప్రశ్నలనూ దాటుతుంది. మనం ముందుగా అనుకున్న వాక్యం కూడా అదే.

ఈ వాదనలోనే మరొక లోపాన్ని కూడా జాగ్రత్తగా చదివేవారు గుర్తించే ఉంటారు. ఇష్టపడి వచ్చినవారికి కలిగిన మేలు, బలవంతం మీద వచ్చేవారికి కూడా కలుగుతుందని వాదన అనుకుంటోంది. పరీక్షలో ఇటువంటి వాదనలు ఉంటాయి. ఐదు జవాబుల్లో సరైనది ఒక్కటే కాబట్టి రెండు లోపాల్లో ఒకటే అక్కడ కనిపిస్తుంది. మనం అనుకున్నది జవాబుల్లో లేదని గాభరా పడకుండా, మళ్లీ వాదన దగ్గరకు వెళ్లి ఇంకేదైనా ఖాళీ ఉందా అని చూడాలి.

నియమాలను తలకిందులు చేయడం

రెండో పెద్ద రకం నియమ వాక్యాలతో ముడిపడినది. ‘ప్రచురణకు ఎంపికైన ప్రతి పరిశోధన వ్యాసమూ నిపుణుల సమీక్షను దాటినదే. ఈ వ్యాసం సమీక్షను దాటింది. కాబట్టి ఇది ప్రచురణకు ఎంపికై తీరుతుంది.’ వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ సమీక్షను దాటడం ఎంపికకు ఆవశ్యకమన్నారే తప్ప, అది చాలునని ఎవరూ అనలేదు. దాటినవాటిలో పది ఎంపికైతే తొంభై తిరిగి వెళ్లవచ్చు. ఇదే తప్పు మరో రూపంలో ఇలా వస్తుంది: ‘ఈ వ్యాసం ఎంపిక కాలేదు, కాబట్టి సమీక్షను దాటలేదు.’ ఆ మొదటి వాక్యం నుంచి న్యాయంగా రాబట్టదగినది ఒక్కటే: ‘సమీక్షను దాటని వ్యాసం ఎంపిక కాదు.’ రెండు భాగాలనూ తిప్పి, రెండింటినీ కాదన్నప్పుడు మాత్రమే నియమం చెక్కుచెదరకుండా నిలుస్తుంది. తిప్పి కాదనకపోయినా, కాదని తిప్పకపోయినా చెల్లదు.

తెలుగులో ఆలోచించే అభ్యర్థికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. ‘సమీక్ష దాటితే ఎంపికవుతుంది’ అన్నప్పుడు సమీక్ష పర్యాప్త నియమం. ‘సమీక్ష దాటితేనే ఎంపికవుతుంది’ అన్నప్పుడు ఆవశ్యక నియమం. పరీక్షలోని వాక్యం ఎంత మెలికలు తిరిగి ఉన్నా, దానిని ‘అయితే’గా చెప్పాలా ‘అయితేనే’గా చెప్పాలా అని ఒక్కసారి తేల్చుకుంటే సగం చిక్కు విడిపోతుంది. తరువాత, ఆధారంలో ‘అయితేనే’గా ఉన్నది తీర్మానానికి వచ్చేసరికి ‘అయితే’గా మారిందేమో చూసుకోవాలి.

సంఖ్యలూ శాతాలూ నమూనాలూ

‘ఈ ఏడాది ప్రమాదాల్లో ద్విచక్ర వాహనాల వాటా 40 శాతం నుంచి 30 శాతానికి తగ్గింది, కాబట్టి ద్విచక్ర వాహన ప్రమాదాలు తగ్గాయి’ అన్న వాదనను తీసుకోండి. మొత్తం ప్రమాదాలు 1000 నుంచి 2000కు పెరిగి ఉంటే, 400గా ఉన్న ద్విచక్ర వాహన ప్రమాదాలు 600 అయ్యాయన్నమాట. వాటా తగ్గింది, సంఖ్య పెరిగింది. ఆధారం శాతాల్లో ఉండి తీర్మానం సంఖ్యల్లో ఉన్నా, ఆధారం సంఖ్యల్లో ఉండి తీర్మానం శాతాల్లో ఉన్నా, మధ్యలో దాచిన మొత్తం ఎంత అని అడగాలి. ఇలా రెండు సులభమైన అంకెలు వేసి చూడటానికి పది సెకన్లు చాలు. ఊహలో తేల్చుకోబోవడం కంటే అది నమ్మదగిన పద్ధతి.

‘సగానికి తగ్గింది’ వంటి మాటల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. సైకిల్ తొక్కేవారికి హెల్మెట్ తప్పనిసరి చేశాక తలకు గాయాలైన సైక్లిస్టుల సంఖ్య సగానికి తగ్గిందని వాదన చెబితే, అసలు సైకిల్ తొక్కేవారి సంఖ్యే సగానికి తగ్గి ఉండవచ్చునా అని చూడాలి. ఇక్కడ కార్యకారణ దోషమూ సంఖ్యల దోషమూ చేయీ చేయీ కలుపుకుని వస్తాయి. అందుకే లోపాలను అరల్లో పెట్టి చూడటం కంటే ఖాళీని నేరుగా చూడటం మేలని నేను నమ్ముతాను.

నమూనా విషయంలో అడగవలసింది ఒక్కటే: ఎవరి గురించి తెలుసుకున్నారు, ఎవరి గురించి తీర్పు ఇచ్చారు? గ్రంథాలయానికి వచ్చినవారిని అడిగి పట్టణ ప్రజలందరి పఠనాభిరుచి గురించి చెబితే నమూనాలో పక్షపాతం ఉంది. సర్వేకు తమంతట తాముగా జవాబు పంపినవారి మాట కూడా అంతే, ఎందుకంటే గట్టి అభిప్రాయం ఉన్నవారే శ్రమపడి జవాబు పంపుతారు. నమూనా చిన్నదని చెప్పే జవాబు కనిపించగానే ఎంచుకోవద్దు. వాదనలో ఎంతమందిని అడిగారో చెప్పకపోతే అది చిన్నదని మనమూ చెప్పలేం.

మిగిలిన రకాలు

అంశానికి బదులు మనిషిని విమర్శించడం పరీక్షల్లో తరచుగానే వస్తుంది. ఒక ప్రతిపాదన చేసినవారికి దానివల్ల లాభముందని చూపి, ప్రతిపాదనే చెడ్డదని తేల్చేస్తారు. దీని దగ్గరి చుట్టం మరొకటి ఉంది, అది ఎక్కువమందిని మోసగిస్తుంది: ఎదుటివాడి వాదన బలహీనమని చూపి, అతని తీర్మానమే అబద్ధమని ప్రకటించడం. ఆధారం నిలవకపోయినంత మాత్రాన తీర్మానం అబద్ధమైపోదు. నిరూపణ కాలేదని మాత్రమే చెప్పవచ్చు. ఫలానా పదార్థం హానికరమని ఎవరూ నిరూపించలేదు కాబట్టి అది సురక్షితమేనన్నా, సురక్షితమని ఎవరూ నిరూపించలేదు కాబట్టి హానికరమేనన్నా ఇదే కోవకు వస్తాయి.

విడిభాగాలన్నీ తేలికైనవి కాబట్టి యంత్రమూ తేలికైనదేనని అనడం, రెండు దారులే ఉన్నట్టు చూపి ఒకటి మూసేయడం, ఒకే మాటను ఆధారంలో ఒక అర్థంలోనూ తీర్మానంలో మరో అర్థంలోనూ వాడటం అంత కష్టమైనవి కావు; ఒక్కోటి రెండు మూడు ఉదాహరణల్లో చూస్తే అలవాటవుతాయి.

నిరూపించవలసినదాన్నే ఆధారంగా వాడుకునే దోషం చాలా పాతది. ప్రాచీన భారతీయ తర్కగ్రంథమైన న్యాయసూత్రాలు ఐదు హేత్వాభాసాలను (హేతువుల్లా కనిపించే దోషాలను) చెబుతూ, నిరూపించవలసిన విషయం ఎంత సందేహాస్పదమో హేతువు కూడా అంతే సందేహాస్పదమైతే దానిని సాధ్యసమం అన్నాయి. అరిస్టాటిల్ లెక్కపెట్టిన 13 ఆభాసాల్లోనూ దీనికి చోటుంది. ఇంత ప్రసిద్ధమైనది కనుకనే దీనిని తప్పు జవాబుగా విరివిగా వాడుతుంటారు. తీర్మానాన్నీ ఆధారాన్నీ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే మాటను వేర్వేరు పదాల్లో చెబుతున్నాయని చూపగలిగితే తప్ప దీనిని ఎంచుకోకూడదు.

జవాబుల భాష

జవాబుల్లో రెండు రకాల వాక్య నిర్మాణాలు మాటిమాటికీ వస్తాయి. ‘ఫలానాదాన్ని నిరూపణ లేకుండా తీసుకుంటుంది’ అన్నది మొదటిది, ‘ఫలానా అవకాశాన్ని విస్మరిస్తుంది’ అన్నది రెండోది. మొదటిది వాదన పైకి చెప్పకుండా ఆధారపడిన ఊహను పేర్కొంటుంది; ఆ ఊహ అబద్ధమైతే వాదన కూలుతుందా అని చూడాలి. రెండోది వాదనకు తట్టని అడ్డంకిని పేర్కొంటుంది; ఆ అవకాశం నిజమైతే తీర్మానం బలహీనపడుతుందా అని చూడాలి. పరీక్ష దిశ రెండింటికీ వేరు: మొదటిదానిలో జవాబును కాదని చూస్తాం, రెండోదానిలో నిజమని చూస్తాం.

మరీ నైరూప్యంగా ఉన్న జవాబులకు అర్థం తెలిసేది వాదనలోని వస్తువులను వాటిలో పెట్టి చదివినప్పుడే. ‘ఒక సంఘటనకు ముందు జరిగినదాన్నే దానికి కారణంగా భావిస్తుంది’ అని ఉంటే, ‘ముందు జరిగినది’ ఏది, ‘సంఘటన’ ఏది అని వాదనలో వేలు పెట్టి చూపగలగాలి. ఏ ఒక్క భాగానికి వాదనలో చోటు దొరకకపోయినా ఆ జవాబును నిస్సంకోచంగా కొట్టివేయవచ్చు.

అభ్యాసంలో కాలాన్ని మొదట పక్కన పెట్టండి. జవాబులను కాగితంతో కప్పి, వాదన చదివి, ‘ఆధారం ఇంతవరకే చెప్పింది, తీర్మానం ఇంత చెప్పింది’ అనే నమూనాలో ఒక వాక్యం రాయండి. ఆపైనే కాగితం తీయండి. తప్పిన ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు ఏమిటన్నది రాసుకోవడం చాలదు. మీరు ఎంచుకున్న తప్పు జవాబు ‘వాదన నిజంగా ఈ పని చేసిందా?’, ‘తీర్మానాన్ని దెబ్బతీసేది ఆ పనేనా?’ అన్న రెండు ప్రశ్నల్లో దేని దగ్గర ఆగిందో రాయండి. మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువగా తప్పుతుంటే వాదనను సరిగా చదవడం లేదని, రెండోదాని దగ్గర తప్పుతుంటే తీర్మానాన్ని మరచి జవాబుల్లోని నిజాలకు లొంగిపోతున్నారని తెలుస్తుంది. ఈ రెండింటికీ చికిత్స వేరు కనుక ఏది మీదో తెలియడం ముఖ్యం.

ఒకే లోపం ఉన్న మరో వాదనను ఎంచుకోమనే ప్రశ్నలను మాత్రం చివరకు ఉంచుకోవడం మంచిది, ఎందుకంటే వాటిలో ఒక వాదనకు బదులు ఆరు వాదనలు చదవాలి. అక్కడ విషయసామ్యాన్ని నమ్మకూడదు. అసలు వాదన వైద్యం గురించైతే వైద్యం గురించిన జవాబు ఒకటి ఎరగా ఉంటుంది. ముందుగా తీర్మానాల బలాన్ని పోల్చండి: అసలు వాదన ‘బహుశా’ అని ముగిస్తే, ‘తప్పనిసరిగా’ అని ముగిసే జవాబులన్నీ పూర్తిగా చదవకుండానే వెళ్లిపోతాయి. మిగిలినవాటిలోనే లోపాన్ని పోల్చి చూడండి. ఎల్‌శాట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు గనుక, సమయం మించిపోతుంటే ఏదో ఒకటి గుర్తించి ముందుకు సాగండి.